ఫిరంగిపురంలో ఆగిన గంట

కొండవీడు కొండ దిగి ఫిరంగిపురం రావడానికి ఆటోకి నాలుగు వందలు! బస్సులో అయితే ఆ డబ్బుతో విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి రావచ్చు. వానలో బేరమాడే ఓపిక లేక ఎక్కాను. తీరా చేరేసరికి గుంటూరు బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి రావడానికి గంట పడుతుందన్నారు. కోట గోడలూ, చెరువులూ అన్నీ చూశాను గానీ, ఇప్పుడు రాయాలనిపిస్తున్నది ఆ గంట గురించే.

టీకొట్టు గోడకి ట్యూబ్‌లైటు. సెప్టెంబరు వాన అప్పుడే వెలిసింది, గోడ నిండా రెక్కల పురుగులు. చిన్నప్పుడు ఇవి ఇంట్లోకొస్తే అమ్మ లైటు ఆర్పేసేది, రెక్కల పొడి కళ్లలో పడుతుందని. నాలుగేళ్లుగా నేను మాత్రం వీటి ఫొటోలు తీసి, మొక్కలూ పురుగులూ ఎక్కడ కనిపించాయో నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే సైట్‌లో పెడుతున్నాను. పచ్చటి రెక్కల మీద గులాబీ చారలున్న పెద్దదాన్ని చూడగానే గుర్తుపట్టాను, గన్నేరాకు తిని పెరిగే డాఫ్నిస్ నెరీ. పక్కనే గోధుమ రంగుది, రెక్కల మీద లేత గీతలు అడ్డదిడ్డంగా. దాని పేరు కోసం ఫోన్‌లో చూస్తుంటే సిగ్నల్ అందడం లేదు.

టీ తాగుతున్న పెద్దాయన లేచొచ్చాడు. "దాన్నేంది అబ్బాయ్ ఫొటో తీస్తన్నావు? మా మిరప నారుని ముంచేది అదే. లద్దె పురుగు తల్లి."

కాసేపటికి ఫోనూ అదే చెప్పింది: స్పోడోప్టెరా లిటురా. పొగాకు లద్దె పురుగు.

ఆయన రోడ్డు పక్క ఆముదం మొక్క దగ్గరికెళ్లి ఒక ఆకు తుంచుకొచ్చాడు. అడుగున చిన్న మచ్చ, గోధుమ రంగు నూగుతో. "గుడ్లు. తన పొట్ట మీది నూగే కప్పుద్ది. చేను చుట్టూ ఆముదం ఏసేది ఇందుకే, ముందు దీని మీదే పెడుద్ది." నేను ఫొటో తీసుకున్నాక ఆకు మడిచి చెప్పుతో నలిపేశాడు. నాకు చివుక్కుమంది, కానీ ఏమనగలను? నారు ఆయనది.

"తేదీ, ఊరు కూడా అందులో పడతయ్యా?"

పడతాయన్నాను.

"నేనూ రాస్తా. లింగాకర్షక బుట్టలో, అదే ఆడపురుగు వాసనకి మగయ్యి వచ్చి పడే దాంట్లో, పొద్దున్నే ఎన్నున్నయ్యో చూసి క్యాలెండర్ మీద ఏస్తా. మూడేళ్ల క్యాలెండర్లున్నయ్ ఇంట్లో."

అప్పటిదాకా నేను అందమైనవీ అరుదైనవీ వెతికి పెట్టానే గానీ, ఇలాంటి మామూలు పురుగుని ఒక్కసారీ నమోదు చేయలేదు. ఆయన మూడేళ్లుగా ఒక్క పురుగునే లెక్కపెడుతున్నాడు. బస్సొచ్చేలోపు నంబరు తీసుకున్నాను.

మర్నాడు విజయవాడలో చూస్తే, ఎవరో ఇద్దరు నేను పెట్టిన పేరే సరైనదన్నారు, రికార్డు రీసెర్చ్ గ్రేడ్‌కి, అంటే పేరు ఖాయమైన రికార్డుల స్థాయికి, చేరింది. మధ్యాహ్నం పెద్దాయన మనవడు వాట్సాప్‌లో క్యాలెండర్ ఫొటో పంపాడు. పాల లెక్క కింద, నీలం పెన్నుతో, ఆ రోజు గడిలో: 14.