ఎడారి వానలో స్పేడ్‌ఫుట్ కప్పలు

జూలైలో తమ్ముడిని చూడడానికి అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ వెళ్లినప్పుడు, సోనోరన్ ఎడారిలో ఆ ఏడాది మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి నేనక్కడే ఉండడం నా అదృష్టం. ఉరుములతో గంటసేపు దంచికొట్టి వాన తెరిపి ఇవ్వగానే తమ్ముడు, "అన్నయ్యా, త్వరగా రా, ఇవాళ తప్పితే మళ్లీ చూడలేం" అని తొందరపెట్టాడు.

ఊరి పొలిమేర దాటి, నీళ్లు నిలిచిన ఒక పల్లం దగ్గర కారు ఆపేసరికి మేకపిల్లల అరుపుల్లాంటివి వినిపించాయి. అవి ఆడకప్పలను పిలుస్తున్న మగ స్పేడ్‌ఫుట్ కప్పల గొంతులు. టార్చి వెలుగులో ఒక కప్ప రెండడుగుల దూరంలోనే కనిపించింది: అరచేతిలో ఇమిడే ఒళ్లు, పసుపు కలిసిన ఆకుపచ్చ చర్మం మీద ముదురు మచ్చల అల్లిక, పిల్లికి ఉన్నట్టు నిలువుగా చీలిన కంటిపాప. వెనక పాదం అడుగున కొడవలిలా వంగిన నల్లని గట్టి అంచు ఉంది. దానితోనే మట్టిని పక్కలకు తోసుకుంటూ, వెనక్కి వెనక్కి నేలలోకి దిగిపోతుంది. దాని చర్మం మీది ద్రవం తగిలితే కళ్లు మండుతాయని తమ్ముడు చెప్పడంతో నేను ముట్టుకోలేదు.

ఏడాదిలో ఎనిమిది నుంచి పది నెలలు భూమిలోనే గడిపే ఈ జీవిని లేపేది నేల తడి కాదు, వానా ఉరుములూ పుట్టించే అదురు. మా ఊళ్లో వానలు ముఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడేవారు. కప్పకూ వానకూ పెద్దలు వేసిన ఆ ముడి నాకు ఆ రాత్రి కొత్తగా అర్థమైంది. అదే వానకు లేచే ఉసిళ్లను కడుపునిండా తిని, నెలల తరబడి సరిపోయే కొవ్వును స్పేడ్‌ఫుట్ ఒంట్లో దాచుకుంటుంది. జత కట్టడమూ గుడ్లు పెట్టడమూ చాలావరకు ఆ మొదటి రాత్రే ముగుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో గుడ్ల నుంచి తోకకప్పలు బయటికొస్తాయి; నీరు వెచ్చగా ఉంటే ఎనిమిది రోజులకే తోకకప్ప కప్పపిల్లగా మారగలదు. అంత తొందర ఎందుకో తొమ్మిదో రోజు మళ్లీ వెళ్లినప్పుడు తెలిసింది.

పల్లం చాటంత బురదగా మిగిలింది. నీటి అంచున కాళ్లు రాని తోకకప్పలు వందల కొద్దీ ఎండి అట్టకట్టాయి. వాటిని చూస్తూ నిలబడడం కష్టమైంది. వాటి మధ్య నుంచే బొటనవేలి గోరంత కప్పపిల్ల ఒకటి, తోక మొండి ఇంకా ఊడకుండానే, ఒడ్డుకు పాకి, నెర్రెలిచ్చిన బురద సందులోకి వెనక కాళ్లతో మెల్లగా దిగసాగింది.