గుండ్లకమ్మ ఒడ్డున దొరికిన తెల్లరాయి

మా అమ్మమ్మ పూజలో ఒక సాలగ్రామం ఉండేది. నల్లగా, కోడిగుడ్డంత. ఒక పక్క పగిలి, లోపల చక్రంలా చుట్టుకున్న గీతలు కనబడేవి. అది నేపాల్లో గండకీ నదిలో దొరుకుతుందని చెప్పేది. ఆ చక్రం ఒకప్పుడు సముద్రంలో బతికిన అమ్మొనైట్ అనే జీవి గుల్ల అచ్చు అని నేను డిగ్రీకి వచ్చాక తెలుసుకున్నాను. అందుకే మొన్న సంక్రాంతికి మా మేనత్తగారి ఊరు వెళ్ళినప్పుడు, మల్లవరం ప్రాజెక్టుకు దిగువన గుండ్లకమ్మ ఇసుకలో ఒక తెల్లరాయి మీద అలాంటి గీతలే కనబడితే నాకు కాళ్ళు ఆడలేదు.

"ఏందమ్మా, ఆ రాళ్ళేరుకుంటన్నావు?" అని మామయ్య గట్టు మీద నుంచి కేకేశాడు. ఆ ఊపులో ఇంకా చాలా ఏరాను. కొమ్మలు కొమ్మలుగా ఉన్న తెల్ల గడ్డలు నాలుగు, పెద్ద చిప్పలు రెండు, ఒక నత్తగుల్ల. అన్నీ ఒకే సంచిలో వేసేశాను. అది ఎంత పెద్ద పొరపాటో తర్వాత తెలిసింది.

ఇంటికి వచ్చాక నిమ్మకాయ పరీక్ష చేశాను. గుల్లలన్నీ సున్నమే కాబట్టి పులుపు తగిలితే బుడగలు రావాలని ఎక్కడో చదివాను. కొమ్మల గడ్డల మీద బుస్సున నురగ వచ్చింది. చిప్పల మీద కూడా వచ్చింది. గీతల రాయి మీద మాత్రం ఒక్క బుడగ కూడా రాలేదు. అంటే కొమ్మలవి పగడపు దిబ్బ ముక్కలు, చిప్పలు సముద్రపువి, గీతల రాయి ఉత్త రాయి అని తేల్చేసుకున్నాను. రెండు రోజులు చాలా దిగులుపడ్డాను.

ఒంగోలులో మా స్నేహితురాలి నాన్నగారు జియాలజీ చెప్పి రిటైరయ్యారు. సంచి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ముందుగా కొమ్మల గడ్డను తీసుకుని విరిచారు. మధ్యలో పొడుగునా సన్నటి బొక్క. "ఇది చెట్టు వేరు చుట్టూ గట్టిపడిన సున్నం తల్లీ. వేరు కుళ్ళిపోయి బొక్క మిగిలింది. పగడమైతే పైన చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో నక్షత్రంలా అడ్డగోడలు ఉంటాయి" అన్నారు. చిప్పను తిప్పి చూపించారు. లోపల ముత్యపు మెరుపు, బయట గోధుమరంగు తొక్క ఇంకా ఊడలేదు. మన చెరువుల్లో ఇప్పటికీ బతికే మంచినీటి ఆలిచిప్ప అది. నత్తగుల్ల కూడా ఈ కాలానిదే. సున్నమున్న ప్రతిదీ బుడగలిస్తుంది, అంతమాత్రాన అది శిలాజం అయిపోదు అన్నమాట.

గీతల రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పట్టుకున్నారు. అంతవరకు మసగ్గా ఉన్న గీతలు నీడలతో లేచి నిలబడ్డాయి! నేనేమో అన్ని రోజులూ ఫోన్ ఫ్లాష్ వేసి ఎదురుగా ఫొటోలు తీశాను. ఫ్లాష్ గీతల్ని చదును చేసేస్తుంది. అసలు గుల్ల ఎప్పుడో కరిగిపోయి, మట్టిలో దాని అచ్చు ఒక్కటే మిగిలిందని, అందుకే బుడగలు రాలేదని ఆయన చెప్పాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మరి నత్తా, అమ్మొనైటా? నత్తగుల్ల చుట్టు చుట్టుకీ ఒక పక్కకు లేస్తూ పోతుంది. అమ్మొనైట్ చాలావరకు చాపలా ఒకే చదునులో చుట్టుకుంటుంది. నా రాయిలో చుట్టు చదునుగా ఉంది, గీతలు అంచుకి వెళ్తూ రెండుగా చీలుతున్నాయి. అమ్మొనైట్ అని రాసి అక్కడితో ఆపమన్నారు. జాతి పేరు చెప్పాలంటే లోపలి గదుల గోడలు గుల్లకు అతుక్కునే చోటి మెలికల గీత కావాలి. అది ఈ అచ్చులో పడలేదు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. "ఏ చోట దొరికింది?"

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు మీదుగా వస్తుంది. ఆ కొండల రాళ్ళు నూరు కోట్ల ఏళ్ళ పైమాట. గుల్లలున్న జీవులు వచ్చిందే దాదాపు 54 కోట్ల ఏళ్ళ కిందట. కాబట్టి ఈ రాయి నల్లమల నుంచి కొట్టుకొచ్చే వీలే లేదు. పైగా గోటితో గీస్తే పొడి రాలే మెత్తటి రాయి, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. నీళ్ళలో దూరం దొర్లి ఉంటే ఎప్పుడో అరిగిపోయేది. అంటే ఎక్కడో దగ్గర్లోదే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లో అచ్చయిన నివేదికలో ఈ తీరపు రాళ్ళ గురించి రాశారని, బుడవాడ, వేమవరం, పావులూరు అనే ఊళ్ళ పేర్లే మన ఒంగోలు వైపు పొరలకు పెట్టారని మాస్టారు చెప్పారు. అవి పది కోట్ల ఏళ్ళు పైబడిన పొరలు, వాటిలో అమ్మొనైట్లు ఉన్నాయి. మా ఊళ్ళ పేర్లు రాళ్ళకు ఉన్నాయని నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి స్కేలు, నోటుబుక్కు, పాత పేపర్లు, ఒక్కో రాయికి ఒక్కో కవరు. దొరికిన ప్రతి చోటా ఫోన్‌లో లొకేషన్ రాసుకున్నాను. రెండు రోజులు ఎండలో ఇసుకంతా నడిచినా అలాంటి తెల్లరాయి ఇంకొకటి లేదు. ట్రాక్టర్లు ఏట్లోకి దిగే బాట దగ్గర మాత్రం గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి.

మామయ్యను అడిగితే, "అది ఏటి రాయి కాదు గదమ్మా, బాట గట్టిపడాలని బావి మట్టి తోలారు" అన్నాడు.

నది తెచ్చిందనుకున్న రాయిని ట్రాక్టర్ తెచ్చింది! మామయ్య బండి మీద ఆ బావి ఉన్న పొలానికి తీసుకెళ్ళాడు. గట్టున కుప్పపోసిన తెల్లటి రాయి, పలకలు పలకలుగా విడిపోతోంది. రైతు మంచినీళ్ళిచ్చి, "ఎన్నైనా తీసుకోమ్మా, నాకు అడ్డం" అన్నాడు. చాకుతో పలకల్ని విడదీస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను. చాలా వాటిలో ఏమీ లేదు. చివరికి ఒకదాంట్లో వేలిగోరంత చిప్ప అచ్చు. అదే పలక మీద, దానికి రెండంగుళాల దూరంలో, ఈనెకు రెండు వైపులా సన్నటి ఆకులున్న చిన్న రెమ్మ అచ్చు.

మాస్టారు ఆ పలకను చాలాసేపు కింద పెట్టలేదు. రెమ్మ ప్టిలోఫిల్లం అన్నారు. వేమవరం పొరల్లో అది బాగా తెలిసిన మొక్కట. సముద్రపు చిప్ప పక్కన నేల మీది రెమ్మ పడిందంటే ఒడ్డు ఎంతో దూరంలో లేదని ఆయన లెక్క. కవరు మీద పొలం లొకేషన్, తేదీ, లోతు రాయమన్నారు. లోతు నాకు తెలియదు. బావి తవ్విన మేస్త్రీ నంబరు కోసం రైతుకు ఫోన్ చేశాను.