మణికట్టు ఒకటి చెబుతుంది, తొడ ఇంకొకటి

మొదటి వారం

గ్రాఫ్ చూస్తే నిద్రలో కూడా నేనేదో పని చేస్తున్నట్టే ఉంది. రోజంతా ఎంత కదులుతున్నానో కొలుద్దామని, కదలికను కొలిచే ఎంపీయూ-6050 చిప్, దాని రీడింగులు తీసుకునే ఈఎస్పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, మెమరీ కార్డు, చిన్న బ్యాటరీ, అన్నీ కలిపి ఒక గుడ్డ పట్టీలో కుట్టి ఎడమ మణికట్టుకు కట్టుకున్నాను. లెక్క తేలికే. మూడు అక్షాల రీడింగుల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, భూమ్యాకర్షణ తాలూకు 1 జీ తీసేస్తే మిగిలేది కదలిక. సున్నా కంటే తగ్గితే సున్నా. దీన్నే ఎన్మో అంటారు. అయితే అర్ధరాత్రి గీత 40 మిల్లీ జీ (జీలో వెయ్యో వంతు మిల్లీ జీ) దగ్గర ఆగిపోయింది, నేను ఇటు నుంచి అటు దొర్లగానే సున్నాకు పడింది.

అక్కడే అనుమానం వచ్చింది. చిప్‌ని బల్ల మీద ఆరు వైపులా తిప్పి పెట్టాను. జెడ్ అక్షం పైకి ఉంటే 1.04, తలకిందులైతే మైనస్ 0.96. అంటే చిప్ ఎప్పుడూ 0.04 ఎక్కువ చూపిస్తోంది, దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. మణికట్టు మీద ఓ మోస్తరు శ్రమకు చాలామంది వాడే హద్దే 100 మిల్లీ జీ, అందులో 40 ఊరికే కలిసిపోతే ఇంకేముంది! కోడ్‌లో ఒక్క తీసివేతతో సరిపోయింది.

రెండో వారం

పరుగెత్తినప్పటి గీతల శిఖరాలు కత్తిరించినట్టు చదునుగా వచ్చాయి. చిప్ కొలిచే హద్దును, అంటే రేంజ్‌ని, ±2 జీలో వదిలేశాను, తప్పు నాదే. ±8కి మార్చాక చిప్ ఇచ్చే లెక్కలో 1 జీ అంటే 4096 అంకె.

కార్డు మీద రాసేటప్పుడు మధ్యమధ్యలో శాంపిళ్లు (ఒక్కో క్షణం రీడింగులు) ఎగిరిపోయేవి. చిప్‌లోనే 1024 బైట్ల నిల్వ ఉంది. ఒక్కో శాంపిల్‌కు 6 బైట్లు, సెకనుకు 100 శాంపిళ్లు, కాబట్టి 1.7 సెకన్ల దాకా ఆగగలదు. అది వాడాక ఖాళీలు పోయాయి. రోజుకు దాదాపు 52 మెగాబైట్లు. సెకనుకు వంద శాంపిళ్లు, వారం రోజుల రికార్డు అనే ఈ పద్ధతి యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య పరిశోధన నుంచి తెచ్చుకున్నదే: 2013–15లో లక్షమందికి పైగా మణికట్టుకు ఇలాగే కట్టి ఏడు రోజులు రికార్డు చేశారు.

మూడో వారం

స్నానానికి తీసి, రెండున్నర గంటలు మరిచిపోయాను. అదంతా 'కూర్చున్న సమయం'లో పడింది. గంట కిటికీలో కనీసం రెండు అక్షాల ఊగిసలాట 13 మిల్లీ జీ దాటకపోతే 'కట్టుకోలేదు' అనే నియమం పెట్టాను. ఇరవై నిమిషాల స్నానం దానికి దొరకదు. అందుకని పక్కన ఓ నోటుపుస్తకం.

సైకిల్ మరీ అన్యాయం. నలభై నిమిషాలు చెమటలు కక్కుతూ తొక్కితే, హ్యాండిల్ మీదున్న చెయ్యి దాదాపు విశ్రాంతి అని చెప్పింది. బట్టలు ఉతికితే మాత్రం అదరగొట్టింది.

నాలుగో వారం

రెండో సెట్ తొడకు కట్టాను. నిలబడితే తొడ పొడవు వెంట 1 జీ, కూర్చుంటే అదే అక్షం మీద దాదాపు సున్నా. నిలబడ్డానా కూర్చున్నానా అన్నది మణికట్టు ఎప్పుడూ ఇంత సూటిగా చెప్పలేదు. సైకిల్ తొక్కుడు కూడా అలల్లా స్పష్టంగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150–300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ లెక్క ఒక్క మణికట్టుతో వేసుకుంటే సైక్లిస్టు బద్ధకస్తుడైపోతాడు.

రెండు ఫైళ్లకూ ఒక రోజులోనే తొమ్మిది నిమిషాల తేడా వచ్చింది. చిప్ సొంత గడియారం అంత నమ్మకమైనది కాదు. ఇప్పుడు ప్రతి శాంపిళ్ల గుత్తికీ బోర్డు టైమ్ ముద్ర వేస్తున్నాను. కట్టుకునే ముందు, విప్పాక రెండింటినీ కలిపి పట్టుకుని బల్లకేసి మూడుసార్లు తడుతున్నాను. ఆ మూడు దెబ్బల శిఖరాలనూ గ్రాఫ్‌లో ఒకదానిమీద ఒకటి పెడితే సరిపోతోంది.