మార్కాపురం పలక, బేతంచర్ల బండ: ఒకే రైలు దారిలో

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైన్లో మేం మొదట దిగింది మార్కాపురం రోడ్డులో. ఒకప్పుడు బడిపిల్లల చంకలో ఉండే రాతిపలక ఈ ఊరి సరుకే. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని పడిపోయింది. ఇప్పుడు గోడలకు అతికించే పలకరాయి టైల్సే ఎక్కువ.

ఈ రాయి పుట్టుక బురద. నీటి అడుగున పేరుకున్న సన్నటి బంకమట్టి గట్టిపడి, ఆపైన భూమి ఒత్తిడికి నలిగితే అందులోని అభ్రకపు రేకులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. రాయి చీలేది ఆ దిక్కునే.

చీల్చడం చూసి తీరాలి. దిమ్మను నిలబెట్టి, వెడల్పాటి పల్చని ఉలిని అంచుకు సరిగ్గా నడిమధ్య ఆనించి సుత్తితో మెల్లగా తడతారు. వెంట్రుకంత గీత పాకుతుంది. అప్పుడు ఉలిని కాస్త మెలిపెడితే దిమ్మ రెండుగా విచ్చుకుంటుంది. ప్రతిసారీ సగానికి సగమే. ఆశపడి ఒక పక్క నుంచి పల్చటి రేకు లాగబోతే చీలిక దారి తప్పి అంచుకొచ్చేస్తుంది, ముక్క మధ్యలోనే విరుగుతుంది. దిమ్మలో తడి ఆరినా ఇంతే, రాయి మొండికేస్తుంది.

కొనేటప్పుడు పలకను వేళ్ల మీద నిలిపి నాణెంతో కొట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పగులుంది. ఇత్తడి రంగు మెరుపు గింజలు కనిపిస్తే బయటి గోడకు వద్దు. అది పైరైట్ అనే ఇనుప ఖనిజం, వానకు తుప్పుపట్టి గోధుమరంగు చారలు దించుతుంది. కోత మాత్రం నీళ్లు పోస్తూనే చేయించాలి. పొడి కోతలో లేచే సిలికా దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తుంది.

కంభం, గిద్దలూరు దాటి, నల్లమల సొరంగాల మీదుగా నంద్యాల, అక్కణ్ణించి బేతంచర్ల. ఇక్కడి బండను చాలామంది మార్బుల్ అంటారు కానీ, ఇది నాపరాయి, అంటే సున్నపురాయి. అదే సున్నపురాయి భూమిలో వేడికీ ఒత్తిడికీ లోనై మళ్లీ స్ఫటికాలు కడితే పాలరాయి. రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయిని విరిస్తే పంచదార పలుకుల్లా మెరుస్తుంది. బేతంచర్ల ముక్క నున్నగా, మెరుపు లేకుండా విరుగుతుంది. యాసిడ్ చుక్కతో ఈ రెంటినీ వేరుచేయలేం, రెండూ నురగకడతాయి. అందుకే వంటగట్టుకు రెండూ పనికిరావు. నిమ్మరసం, చింతపండు పడ్డచోట కనిపించేది మరక కాదు, పాలిష్ కరిగిపోయిన గుర్తు. కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. బాత్రూం కడిగే యాసిడ్ తగిలినా అదే గతి.

నేలకైతే బంగారంలాంటి బండ. కాకపోతే ఒకే లోడులో రాయికీ రాయికీ మందం తేడా ఉంటుంది. పరిచే ముందు మందం చూసి వేరుచేసి, పల్చటి వాటి కింద సిమెంటు మాలు ఎక్కువ వేయాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి పైన బండ వేసే మేస్త్రీలున్నారు, కనిపెట్టి ఉండండి. మధ్యలో గుల్ల మిగిలి, మంచం కోడు ఆనినచోట బండ పగులుతుంది. బండ వేసిన వెంటనే కర్రసుత్తితో తట్టి వినండి. డొల్లగా మోగితే మాలు బిగుసుకోకముందే ఎత్తించి మళ్లీ వేయించండి.