గోదావరి కలుపుకోని పన్నెండు కుంచాలు

మా ఇంట్లో పొలం పోయిన కథలన్నిటికీ ముగింపు ఒకటే: గోదావరి కలిపేసుకుంది. నమ్మదగిన మాటే. లంకల్లో గట్టు కోసుకుపోయి ఎకరాలకు ఎకరాలు నీళ్లపాలు కావడం అక్కడ పుట్టినవాళ్లకు వింత కాదు. అందుకే మా తాతమ్మ చేను ఏమైందని అడిగినప్పుడు బాబాయి కూడా ఆ మాటే అన్నాడు. కాకపోతే ఆ చేను ఉన్నది అంబాజీపేట దగ్గర, ఏటికి ఎడంగా, పంట కాలువ కింద. నది అంత దూరం వచ్చి, చుట్టుపక్కల చేలన్నీ వదిలేసి ఒక్క విధవరాలి చేనునే ఎందుకు తినాలి?

రాజమండ్రిలో బస్సెక్కాను. ధవళేశ్వరం, జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదుగా రావులపాలెంలో దిగాను. 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టే ఈ నేలకు ధర తెచ్చింది. కాలువ వచ్చాక మెట్ట పల్లమైంది, పల్లమయ్యాక దస్తావేజులు పెరిగాయి, దస్తావేజులతో పాటు దావాలూ పెరిగాయి. కాటన్ దొర విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ చివరిది ఎవరికీ గుర్తుండదు.

రిజిస్ట్రారు కార్యాలయంలో నాకు దారి చూపింది ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి. స్థిరాస్తి లావాదేవీలన్నీ ఒకటో పుస్తకంలో ఉంటాయి. రుసుము కడితే వాటిని ఎవరైనా వెతికించుకోవచ్చు. పేర్ల సూచిక ఒకటి, ఊరివారీ ఆస్తుల సూచిక ఇంకొకటి. నేను పేర్ల సూచికలో మా ఇంటిపేరు పట్టుకుని వెతుకుతుంటే ఆయన అడ్డం వచ్చాడు: "ఆడపిల్లలు మీ ఇంటిపేరు కింద దొరకరండీ. ఊరి సూచిక తీయించండి. చెక్కుబందీలు చదవండి."

ఆ సలహాకు ఎంత ఇచ్చినా తక్కువే. ఏమీ కొననివాళ్ల పేరుతో, ఏమీ అమ్మనివాళ్ల పేరుతో దస్తావేజు ఉండదు. కానీ పక్కవాళ్లు అమ్ముకున్న ప్రతిసారీ వాళ్ల చెక్కుబందీలో, అంటే నాలుగు వైపుల హద్దుల్లో, వీళ్లుంటారు. ఒక పాత విక్రయ దస్తావేజులో పొలానికి ఉత్తరం హద్దు మా ముత్తాత చేను. కొన్నేళ్ల తర్వాతి దానిలో అదే హద్దు ఆయన భార్య చేను. ఇంకొంత కాలానికి ఆ హద్దు మీద మా ఇంటిపేరే లేదు. తాతమ్మ కూతురు, అంటే బాబాయికి మేనత్త, మెట్టిన ఇంటి పేరుంది. చేను కదల్లేదు, మనుషులే మారారు.

ఆ పేరుతో వెతికిస్తే 1959 నాటి దఖలు దస్తావేజు బయటపడింది. ఎకరం ఇరవై సెంట్లు. బాబాయి లెక్కలో పన్నెండు కుంచాలు. తల్లి కూతురికి రాసి ఇచ్చింది. తనకు ఆ హక్కు ఎలా వచ్చిందో చెప్పడానికి ముత్తాత 1931లో రాసిన వీలునామా నంబరు అందులో ఉదహరించింది. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకానికి ఎక్కుతాయి. రాసిన మనిషి పోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు, పోయినట్టు రుజువు చూపాలంతే. ఆ రుజువు కోసం తిరిగిన తిరుగుడు ఇక్కడ ఎందుకు గానీ, నకలు చేతికొచ్చింది.

శరీరం అశాశ్వతమనే మామూలు మాటతోనే మొదలవుతుంది. పొలాలన్నీ కొడుకులకు. భార్యకు మాత్రం మనోవర్తి కింద, అంటే పోషణ కోసం, ఆ పన్నెండు కుంచాలు. బతికినంత కాలం ఫలసాయం అనుభవించాలి, దాన విక్రయాధికారాలు లేవు, తదనంతరం కొడుకులకు చెందాలి. మరి తాతమ్మ కూతురికెలా రాసింది?

మధ్యలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమెనే సంపూర్ణ హక్కుదారును చేసింది పద్నాలుగో సెక్షన్. వీలునామాలో పెట్టిన ఆంక్షలు చెల్లుతాయన్నది కూడా అదే సెక్షనులోని రెండో భాగం. మనోవర్తి కింద వచ్చిన భూమికి ఏ భాగం వర్తిస్తుందని కోర్టులు చాలా కాలం తర్జనభర్జన పడ్డాయి. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఆడవాళ్ల పక్షాన తేల్చింది. ఆ కేసూ మన ఆంధ్ర నుంచి వెళ్లిందే. మా తాతమ్మ అంతవరకు ఆగలేదు. చట్టం వచ్చిన మూడేళ్లకే నిధి, నిక్షేప, జల, పాషాణాదులతో సహా అష్టభోగాలూ రాసేసి కింద వేలిముద్ర వేసింది. కోనసీమ ఒండ్రులో పాషాణం ఎక్కడ దొరుకుతుందో లేఖరి గారికే తెలియాలి.

చేను చూడ్డానికి బాబాయి కూడా వచ్చాడు. కొబ్బరితోట, మధ్యలో అరటి, పక్కన కాలువ. గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "ఇదా!" అని మాత్రం అన్నాడు.

మేనత్త వారసులు రామచంద్రపురం వైపు స్థిరపడ్డారు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాం. దారిలో ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడిలో గోడలూ స్తంభాలూ నిండా శాసనాలే. దేవుడి ముందు అఖండదీపానికి గొర్రెలిచ్చినవాళ్లు, నేల ఇచ్చినవాళ్లు, చంద్రసూర్యులున్నంత కాలం చెల్లాలని చెక్కించారు. ఇచ్చినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, సొంత పేర్లతో. చాళుక్య చోళుల కాలం నాటి మాట ఇది. తెల్లకాగితం మీద నా చేతిలో ఉన్న నకలు కంటే ఆ రాళ్ల ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

అత్తయ్యగారికి ఎనభై దాటాయి, తాతమ్మ కూతురికి కోడలు. కాఫీలయ్యాక బాబాయి మెల్లగా పొలం సంగతి కదిపాడు. ఆవిడ తడుముకోకుండా చెప్పారు: "మా మామగారి మామగారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చేనండీ అది. పెళ్లిపందిట్లోనే రాసిచ్చారట."

మా ఇంట్లో నది, వాళ్లింట్లో ముత్తాత. వేలిముద్ర వేసిన మనిషి రెండు కథల్లోనూ లేదు.

ట్రంకుపెట్టె తెరిచి అసలు దస్తావేజు తీయించారు. ఎవరూ విప్పి చదివినట్టు లేదు, మడతల దగ్గర చిరుగులు పట్టింది. నేను పైకి చదివాను. ఆవిడ మధ్యలో ఆపి, తేదీ మళ్లీ చదవమన్నారు. చదివాను.

"అప్పటికి తాతగారు లేరుగా?" అన్నారు.

"లేరక్కయ్యగారూ. మా నాయనమ్మే రాసింది" అన్నాడు బాబాయి.