మావయ్య ఫోన్‌లో పట్టని పేజీ

మా మావయ్యకు కడియపులంకలో నర్సరీ ఉంది. మొక్కల ఫొటోలు, ధరలతో ఒక వెబ్ పేజీ చేసిపెట్టమన్నాడు. రావులపాలెంలో మా ఇంట్లో లాప్‌టాప్ ముందు వారం కూర్చున్నాను. వెడల్పు 960 పిక్సెల్స్, వరసకు నాలుగు మొక్కలు. నా తెర మీద ముచ్చటగా ఉంది.

మావయ్య ఫోన్‌లో తెరిచాడు. "అమ్మాయ్, మొక్క కనపడతంది గానీ రేటు చదవలేకపోతన్నానే" అన్నాడు. బేరానికొచ్చినవాళ్ల ముందు రెండు వేళ్లతో తెర లాగుతూ నిలబడ్డాడు. నాకు చాలా బాధేసింది.

పేజీని తెర వెడల్పుకు తగ్గట్టు పరచమని బ్రౌజర్‌కి చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్ నేను పెట్టలేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని మామూలుగా 980 పిక్సెల్స్ వెడల్పున పరిచి, మొత్తం కుదించి చూపిస్తుంది. ఆ ఒక్క లైను చేర్చాక అక్షరాలు పెద్దవయ్యాయి గానీ, సగానికి పైగా మొక్కలు తెర దాటి కుడివైపుకు పోయాయి.

వెబ్ డిజైనర్ ఈతన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరుపెట్టిన పద్ధతి గురించి చదివాను. కొలతలు శాతాల్లో రాయాలి, ఫొటో తన గడి దాటకూడదు, తెర వెడల్పు ఇంతుంటే ఇలా అని చెప్పే మీడియా క్వెరీలు అమరిక మార్చాలి. ఒక్కో మొక్క గడి వెడల్పు 240ని 960తో భాగించి 25 శాతం అని రాశాను. 360 పిక్సెల్స్ ఫోన్‌లో అది 90 పిక్సెల్సే! మందారం తపాలా బిళ్ళంత అయింది. సరే, ఫోన్‌కి రెండు, ట్యాబ్‌కి మూడు అంటూ మీడియా క్వెరీలు రాశాను. ఎన్ని రాసినా ఏదో ఒక ఫోన్ మిగిలిపోయేది.

ఒకరోజు నర్సరీలో మొక్కల సంచులు పేరుస్తుంటే చూశాను. వరసకు ఎన్నని ఎవరూ ముందుగా అనుకోరు. మడి వెడల్పులో ఎన్ని పడితే అన్ని. పేజీ రూపాన్ని రాసే భాష సీఎస్ఎస్. అందులో గడులు పేర్చే గ్రిడ్‌తో ఇదే మాట రాయొచ్చు: ఆటో-ఫిల్, మిన్‌మాక్స్ 160 పిక్సెల్స్, 1ఎఫ్ఆర్. అంటే పట్టినన్ని గడులు వస్తాయి, గడి 160కి తగ్గదు, మిగిలిన చోటు అన్నీ సమానంగా పంచుకుంటాయి. అంచుల్లో 16, గడుల మధ్య 8 పిక్సెల్స్ వదిలితే 360 ఫోన్‌లో సరిగ్గా రెండు, నా 1366 లాప్‌టాప్‌లో ఏడు. ఖాళీ గడులను మూసేసే ఆటో-ఫిట్ పెడితే, వెతికినప్పుడు రెండే మొక్కలు దొరికినా అవే తెరంతా సాగాయి. అందుకే ఆటో-ఫిల్‌కే వచ్చాను.

తెలుగు దగ్గర ఇంకో పని పడింది. 'రాధామనోహరం' గడి దాటి పక్క ఫొటో మీదికి పాకింది. పదం మధ్యలో విరిస్తే చదవబుద్ధి కాదు. ఇంతకు తగ్గకు, ఇంతకు మించకు అని హద్దులు పెట్టే క్లాంప్‌తో అక్షరాల సైజును తెరతోపాటు తగ్గేలా చేశాను. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగలకుండా లైన్ హైట్‌ను, అంటే వరస ఎత్తును, అక్షరం సైజుకు 1.7 రెట్లకు పెంచాను. ఇంగ్లిష్ పేజీ చూసి నేర్చుకుంటే ఇది తట్టదు.

నీళ్లు పట్టే అత్త దగ్గర పాత చిన్న ఫోన్ ఉంది, 320 పిక్సెల్స్. అందులో వరసకు ఒకటే మొక్క వచ్చింది. మందారం రేటు పైకి చదివి, "ఇది మొన్ననే మార్చారమ్మా" అంది.