కల్లుప్పు సరిపోదు

ఆదివారం. పొద్దున్నే హాల్లో సోఫా పక్కకి జరిపి, నేల మీద రసమట్టం పెట్టి చూశాను. వాకిలి వైపుకి వాటం ఉంది. ఇల్లు కడిగిన నీళ్ళు బయటికి పోవాలని మేస్త్రీ కావాలనే ఇచ్చిన వాటం. అమ్మకి అది సుఖం, నాకు తలనొప్పి. సముద్రపు చేపలు, పగడాలు పెంచుకుందామని నేను అనుకున్న ఉప్పునీళ్ళ అద్దాల ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండుగా పోస్తే నీళ్ళే 190 లీటర్లు. అద్దం, రాళ్ళు, ఇసక కలుపుకుంటే 300 కిలోల దగ్గరికి వస్తుంది. అంత బరువు ఒక మూలకి వాలితే అతుకులు ఎన్నాళ్ళు ఆగుతాయి? స్టాండు కాళ్ళకి ఎత్తు సరిచేసుకునే బోల్టులు పెట్టించాలి. మేడ మీద గదిలో పెట్టుకుంటానంటే నాయన ముందే కుదరదనేశాడు. ఆయన చెప్పిందే మంచిది.

తర్వాత నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. బోరు నీళ్ళు 700 పైన. వంటింట్లో ఆర్వో ఫిల్టరు నీళ్ళు 60. తాగడానికి అవి బ్రహ్మాండం. రుచి కోసం కాస్త మామూలు నీళ్ళు కలిసేలా లోపల ఒక స్క్రూ ఉంటుంది, అది మూసేసినా పూర్తిగా సున్నాకి దిగవు. పగడాలకి మాత్రం సున్నా కావాలి. నైట్రేటు, ఫాస్ఫేటు మిగిలితే పాచి పడుతుంది. రాగి ఉంటే రొయ్యలు, నత్తలు బతకవు. కాబట్టి ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించాలి. బిందె మంచినీళ్ళకి రెండు మూడు బిందెలు వేస్టుగా పోతాయి. ఆ మాట నెమ్మదిగా చెప్పాను. “పోయేవన్నీ డ్రమ్ముకి పట్టు, బండలు తుడిచేదానికీ గిన్నెలు తోమేదానికీ వాడుకుంటా” అంది అమ్మ. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం కాచుకున్న ఊరు కదా, ఇంకోలా ఎందుకంటుంది.

అసలు గొడవ ఉప్పు దగ్గర వచ్చింది. లీటరుకి 35 గ్రాముల లెక్కన దాదాపు ఆరున్నర కిలోల ఉప్పు కావాలి, దానికి వేరే ప్యాకెట్ ఉంటుందని ధర చెప్పేసరికి అమ్మ పోపు ఆపి ఇటు తిరిగింది.

“కల్లుప్పు యాడినించి వస్తుంది రా అబ్బోడా? సముద్రం నుంచే కదా? ఒక మూట తెచ్చి పోస్తే పోలా?”

మంచి ప్రశ్నే. ఉప్పు మళ్ళలో సముద్రం నీళ్ళు ఎండేటప్పుడు ముందు సున్నం, ఆ వెనక జిప్సం అడుక్కి దిగుతాయి. అంటే కాల్షియంలో చాలా భాగం అక్కడే పోయింది. ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చివరిదాకా నీళ్ళలోనే ఉండిపోతుంది, ఆ చేదు నీళ్ళని పక్కకి వదిలేస్తారు. మన చేతికొచ్చేది నూటికి తొంభై పాళ్ళకి పైగా సోడియం క్లోరైడే. సముద్రంలోనేమో లీటరుకి సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. పగడం ఒంటి కింద గూడు కట్టుకునేది ఆ కాల్షియంతోనే. ఇదంతా విని అమ్మ “మనుషులు తినే ఉప్పు చేపలకి ఆనదంట, బాగుంది వరస” అని పొయ్యి వైపు తిరిగేసింది.

నాయన ఇంకో దారి చెప్పాడు. 2022లో జిల్లాలు విడగొట్టినాక తిరుపతి జిల్లాకి సముద్రం వచ్చింది కదా, తూపిలిపాలెం బీచికి పోయి నాలుగు డ్రమ్ములు పట్టుకొస్తే సరి అని. చిత్తూరు జిల్లాగా ఉన్నన్నాళ్ళూ లేని సముద్రం ఇప్పుడు మనదయ్యిందని ఆయనకి లోపల సంతోషం. కానీ ఒడ్డు పక్క నీళ్ళలో బురద, కాలవ నీళ్ళు, ఇంకేమేమో కలిసి ఉంటాయి. వానల్లో ఉప్పదనం కూడా మారిపోతుంది. మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్ళూ ఒండ్రే ముఖ్య కారణం. మనం దండం పెట్టుకునే నదులు పగడానికి గిట్టవన్నమాట.

“మరి ఇది?” అని నాయన చెయ్యి చాపాడు. కుజుడికని పెట్టుకున్న పగడం ఉంగరం. రాయి పై భాగం అరిగి, మధ్యలో సన్నగా గీత పడింది. ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వైపుది, చీకటి నీళ్ళలో చాలా నిదానంగా పెరిగే వేరే జాతి. నా ట్యాంకులోకి అది రాదు. గట్టి పగడాలూ రావు. 2001 నుంచి అవన్నీ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, పులి పక్కనే ఉన్నాయి. సముద్రంలోంచి తీసిన రాళ్ళ జోలికి కూడా పోను. తయారుచేసి అమ్మే ఎండు రాళ్ళు పేర్చి, ముందు క్లౌన్ చేపల జంట, అవీ హేచరీలో పుట్టినవే. మెత్తటి పగడాల సంగతి ఆ తర్వాత.

నాకు నిజంగా దిగులు మే నెల గురించే. నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. తిరుపతి 42 దాటుతుంది. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ధర చూస్తే ఏసీ గుర్తొచ్చింది. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందంటారు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది, కాబట్టి రోజూ ఉప్పు లేని నీళ్ళే పోస్తూ ఉండాలి. కరెంటు పోతే పంపు ఆగకుండా ఇన్వర్టర్‌కి కలపాలి. ఏసీ అయితే ముందు మా పడగ్గదికి అంటుంది అమ్మ. అప్పుడు వాదించలేను.

ఇవన్నీ కుదిరినా చేపలు వెంటనే రావు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్ళ మీద పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అన్నాళ్ళు ఖాళీ ట్యాంకులో లైటు వేసుకుని రాళ్ళు చూస్తూ కూర్చుంటే చుట్టాలు ఏమంటారో ఊహించుకోగలను.

సాయంత్రానికి అద్దాల షాపతను ఫోనెత్తాడు. 8 మిల్లీమీటర్ల అద్దం చాలంటాడు, నేను 10 కావాలన్నాను. పైన అడ్డపట్టీలు కూడా వెయ్యమన్నాను. రేటు పెరుగుద్దన్నా అన్నాడు. పెరగనీ అన్నాను. బుధవారం కొలతలకి వస్తాడు, సగం అడ్వాన్సు రెడీగా పెట్టమన్నాడు.